మొటిమలకు మూలికల క్రీమ్: ఆకు ఎంపిక నుంచి లైసెన్సు దాకా

వేపాకు నూరి ముఖానికి పట్టించడం మన ఇళ్ళలో కొత్తేమీ కాదు. అరగంటలో కడిగేస్తాం కాబట్టి దానితో పెద్ద పేచీ లేదు. అదే వేపాకును క్రీములో పెట్టి ట్యూబులో నింపాలి, అది నెలల తరబడి చెడకూడదు, అప్పటికే వాచి ఎర్రబడిన చర్మం మీద రోజూ రాసినా మండకూడదు అంటే అది పూర్తిగా వేరే పని. దీనికి దిగేవాళ్ళు ఆలోచనంతా మూలిక మీదే పెడతారు. నా లెక్కలో మూలిక వంతు పదింట ఒకటి. మిగతా తొమ్మిది వంతులు నీళ్ళు, నూనె, ఆ రెంటినీ కలిపి పట్టుకునే మైనం, పీహెచ్ (పులుపు, క్షారం ఎంతో చెప్పే కొలత), చెడకుండా కాపాడే ప్రిజర్వేటివ్. క్రీము చెడిపోయేది అక్కడే, ముఖం మండేదీ చాలాసార్లు అక్కడే.

ఇది ఇంట్లోనో కాలేజీ ల్యాబులోనో 100 గ్రాముల నమూనా చేసి చూడాలనుకునేవాళ్ళ కోసం, ఆ తర్వాత దాన్ని సరుకుగా మార్చాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. నమూనాను అమ్మకండి, బంధువులకు పంచకండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

మొదటి మెట్టు: మందా, కాస్మెటిక్కా?

ఆకు కోయకముందే ఇది తేల్చుకోవాలి. మన దేశంలో 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం శుభ్రపరిచేది, అందాన్ని పెంచేది కాస్మెటిక్. జబ్బును తగ్గిస్తుందని చెప్పుకునేది మందు. "జిడ్డు చర్మానికి తేలికపాటి క్రీమ్" అని రాస్తే మీది కాస్మెటిక్. "మొటిమలను నయం చేస్తుంది" అని రాసిన క్షణం నుంచి అది మందే, లోపల ఉన్నది అదే క్రీము అయినా సరే.

మందు అనే దారిలో వెళ్తే ఆయుర్వేద ప్రొప్రైటరీ (సొంత ఫార్ములా) మందుగా లైసెన్సు తీసుకోవాలి. అందులో వాడే ప్రతి మూలికా ఆ చట్టం మొదటి షెడ్యూలులో పేర్కొన్న ప్రామాణిక గ్రంథాల్లో ఉండాలి. చరక, సుశ్రుత, శార్ఙ్గధర సంహితలతో పాటు మన బసవరాజీయం కూడా ఆ జాబితాలో ఉంది. కాబట్టి ఏ దారి ఎంచుకున్నారన్నదే ఏ మూలిక వేయవచ్చో నిర్ణయిస్తుంది. టీ ట్రీ ఆయిల్ సంగతే చూడండి. మొటిమల మీద మనుషుల్లో పరీక్షకు నిలిచిన మొక్కల సరుకుల్లో దానిది ముందు వరుస. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద 5 శాతం టీ ట్రీ జెల్‌ను మొటిమలకు మామూలుగా వాడే 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ మందుతో పోల్చి చూశారు. రెండూ పనిచేశాయి. టీ ట్రీ ఆలస్యంగా పనిచేసింది, దుష్ఫలితాలు మాత్రం తక్కువ. కానీ అది ఆస్ట్రేలియా మొక్క, మన సంహితల్లో ఉండే అవకాశమే లేదు. పైగా సీసా మూత తీసి నెలల తరబడి ఉంచితే గాలి తగిలి ఆక్సీకరణ చెంది అలర్జీ తెప్పిస్తుంది. అందుకే ఈ ఫార్ములాలో దాన్ని పక్కన పెట్టాను.

మొటిమ దగ్గర క్రీము ఏం చేయగలదు

హార్మోన్ల ప్రభావంతో నూనె గ్రంథులు ఎక్కువ జిడ్డు వదులుతాయి. రంధ్రం అంచున చనిపోయిన కణాలు రాలకుండా అతుక్కుని దారి మూసేస్తాయి. లోపల క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాంతో వాపు, ఎరుపు, చీము. ఈ నాలుగింటిలో మూలికల క్రీము కాస్తో కూస్తో చేయి వేయగలిగేది చివరి రెంటి మీద. హార్మోన్ల జోలికి అది పోలేదు. కాబట్టి పీసీఓఎస్ (ఆడవాళ్ళలో వచ్చే ఒక హార్మోన్ల సమస్య) వల్ల దవడ పొడవునా వచ్చేవాటికి, గడ్డలు కట్టి గుంటలు పెట్టే మొటిమలకు ఈ క్రీము చాలదు, వాళ్ళు చర్మ వైద్యుల దగ్గరికే వెళ్ళాలి. ఆలస్యమైతే మచ్చలు శాశ్వతంగా ఉండిపోతాయి.

ఇంకో మాట. మూలికల్లో చాలావాటి గొప్పతనం ల్యాబులో గాజు పళ్ళెం మీద నిరూపణ అయినదే. మనుషుల మీద జరిగిన పెద్ద పరీక్షలు కొద్ది. ఈ తేడా తెలిసి ఫార్ములా రాసుకుంటే లేబుల్ మీద కూడా అదుపు ఉంటుంది.

రెండో మెట్టు: మూలికలు

సుశ్రుతుడు మొటిమను ముఖదూషిక అన్నాడు. పడుచు వయసువాళ్ళ ముఖం మీద బూరుగు చెట్టు ముళ్ళలా లేచే పొక్కులని వర్ణించాడు. శార్ఙ్గధర సంహితలో దీనికి లొద్దుగ, ధనియాలు, వస కలిపిన లేపం ఉంది. అందులోంచి లొద్దుగ చెక్కను తీసుకుంటాను. అది వగరుగా ఉండి చర్మాన్ని బిగిస్తుంది. వసలో బీటా-అసరోన్ ఉంటుంది, దాని భద్రత మీద అభ్యంతరాలున్నాయి కాబట్టి వదిలేస్తాను. వాపు, ఎరుపు కోసం మంజిష్ఠ వేరు. ప్రధాన మూలిక వేపాకు.

పసుపు ఎందుకు లేదని అడుగుతారు. అందులోని కుర్కుమిన్ మంచిదే. కానీ నీళ్ళలో కరగదు, వెలుతురుకు విరిగిపోతుంది, క్షారం తగిలితే ఎర్రబడుతుంది, దిండు గలీబు మీద మరక పోదు. రాత్రి రాసుకునే క్రీముకు ఇది పనికొచ్చే లక్షణం కాదు. నిమ్మరసం అయితే అసలే వద్దు. దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్ల మచ్చలు పడతాయి.

వేపాకు ఎక్కడ కోస్తున్నారో చూసుకోండి. 2021 చివరి నుంచి తెలంగాణలోనూ ఆంధ్రలోనూ వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోవడం అందరం చూశాం. ఫోమాప్సిస్ అనే ఫంగస్ వల్ల వచ్చే తెగులు అది. దానికి కార్బెండజిమ్ లాంటి మందులు కొట్టమని అప్పట్లో సలహాలిచ్చారు. కాబట్టి తెగులు సోకిన చెట్టు వద్దు, మందు కొట్టిన చెట్టు వద్దు, రోడ్డు పక్కన దుమ్ము, పొగ పట్టిన చెట్టూ వద్దు. లేత ఎరుపు చిగురు కాకుండా పచ్చబడిన ఆకు కోసి, రెండు మూడు నీళ్ళలో కడిగి, ఫ్యాను కింద నీడన ఆరబెట్టండి. గుప్పిట్లో నలిపితే గలగలమని పొడి కావాలి, రంగు మాత్రం పచ్చగానే ఉండాలి. గోధుమ రంగు తిరిగితే ఎండ తగిలిందనో ఆరడం ఆలస్యమైందనో అర్థం. మెత్తగా ఉంటే తేమ ఉన్నట్టే, డబ్బాలో బూజు పడుతుంది.

లొద్దుగ, మంజిష్ఠ హైదరాబాద్ బేగంబజార్ లాంటి మూలికల అంగళ్ళలో దొరుకుతాయి. రెంటిలోనూ కల్తీ ఎక్కువ. నేర్చుకోవడానికైతే అంగడి సరుకు చాలు. సరుకుగా చేసేటప్పుడు మాత్రం బ్యాచ్ వారీగా విశ్లేషణ పత్రం ఇచ్చే సరఫరాదారు దగ్గరే కొనాలి.

మూడో మెట్టు: సారం తీయడం

ఆకు పొడిని నేరుగా క్రీములో కలపడం అన్నింటికన్నా చెడ్డ పద్ధతి. పొడిలో మట్టి, బూజు బీజాలు వేలకొద్దీ ఉంటాయి, ఆ బీజాలు ప్రిజర్వేటివ్‌కు సులువుగా లొంగవు. పైగా గరుకుగా ఉండి వాచిన చర్మాన్ని గీరుతుంది. కషాయం కాచి పోయడం దానికన్నా నయం కానీ, అది ఫ్రిజ్‌లో కూడా కొద్ది రోజుల్లో పులుస్తుంది. పరిశ్రమలో 70 శాతం ఇథనాల్‌లో 7 రోజులు నానబెట్టి, వడకట్టి, తక్కువ వేడి మీద ఆల్కహాల్ ఎగరగొడతారు. మామూలు మనిషికి ఇథనాల్ కొనాలంటే ఎక్సైజ్ అనుమతుల తలనొప్పి. చిన్న స్థాయిలో గ్లిజరిన్ దారి సుఖం.

వేపాకు బరక పొడి 10 గ్రాములు, మంజిష్ఠ 5, లొద్దుగ 5. గ్లిజరిన్ 120 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 80 గ్రాములు. అన్నీ మూత ఉన్న గాజు సీసాలో వేసి, 50–60 డిగ్రీల వేడినీళ్ళ గిన్నెలో నాలుగైదు గంటలు ఉంచండి. మధ్యమధ్యలో ఊపుతుండాలి. చల్లారాక నూలు గుడ్డలో పిండి, ఆ తర్వాత ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. చిక్కగా ఉంటుంది కాబట్టి బొట్టు బొట్టుగా దిగుతుంది, రాత్రంతా వదిలేయడమే. చేతికి వచ్చేది ముదురు ఎర్ర గోధుమ రంగు ద్రవం. గ్లిజరిన్ 60 శాతం ఉంది కాబట్టి సూక్ష్మజీవులు తొందరగా పెరగవు. అయినా ఫ్రిజ్‌లోనే పెట్టి, సీసా మీద తేదీ రాయండి.

నాలుగో మెట్టు: ఫార్ములా

అన్నీ తూకంలోనే. చెంచాల లెక్క ఇక్కడ పనికిరాదు. 0.1 గ్రాము చూపించే చిన్న తక్కెడ ఉండి తీరాలి, 0.01 చూపిస్తే ఇంకా మంచిది.

నూనె భాగం:
- కుసుమ నూనె: 6 గ్రా.
- నాన్ అయానిక్ (విద్యుదావేశం లేని) ఎమల్సిఫయింగ్ వ్యాక్స్, అంటే నూనెనూ నీళ్ళనూ కలిపి పట్టుకునే మైనం: 5 గ్రా.
- సిటైల్ ఆల్కహాల్: 1.5 గ్రా.

నీళ్ళ భాగం:
- డిస్టిల్డ్ వాటర్: 74.3 గ్రా.
- గ్లిజరిన్: 1.5 గ్రా.
- క్సాంథన్ గమ్ (చిక్కదనానికి): 0.3 గ్రా.
- డైసోడియం ఈడీటీఏ (లోహాల జాడలను పట్టి ఉంచేది): 0.1 గ్రా.

చల్లారాక కలిపేవి:
- మూలికల గ్లిజరిన్ సారం: 10 గ్రా.
- విటమిన్-ఇ: 0.3 గ్రా.
- ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ మిశ్రమం (ప్రిజర్వేటివ్): 1 గ్రా.

కొబ్బరినూనె కాకుండా కుసుమ నూనె ఎందుకంటే, కొబ్బరినూనె మొటిమలు వచ్చే ముఖంలో రంధ్రాలు మూసేసే రకం. కుసుమలో లినోలిక్ ఆమ్లం 70 శాతం పైనే. మొటిమలున్నవాళ్ళ చర్మపు జిడ్డులో ఈ ఆమ్లం తక్కువగా ఉంటుంది. వికారాబాద్, తాండూరు వైపు కుసుమ పండిస్తారు కాబట్టి గానుగ నూనె దొరకడం కష్టం కాదు. వాసన పట్టేస్తుందనుకుంటే రిఫైన్డ్ తీసుకోండి. ఈ నూనె తొందరగా ముక్కిపోతుంది, విటమిన్-ఇ ఉన్నది దానికోసమే. విటమిన్-ఇ ప్రిజర్వేటివ్ కాదు. నూనె ముక్కిపోకుండా ఆపుతుంది గానీ, బూజును ఆపలేదు.

వ్యాక్స్ కొనేటప్పుడు నాన్ అయానిక్ అని అడిగి తీసుకోండి. సోడియం లారిల్ సల్ఫేట్ కలిపిన రకం కూడా అదే పేరుతో దొరుకుతుంది, మొటిమల ముఖానికి అది మంట. గ్లిజరిన్ విడిగా ఒకటిన్నర గ్రాములే పెట్టాను, ఎందుకంటే సారంతోనే దాదాపు 6 గ్రాములు వచ్చేస్తోంది. ఇంకా పెంచితే ముఖం జిగటగా ఉంటుంది.

ఐదో మెట్టు: కలపడం

గాజు బీకర్లు, స్పాచులా, హ్యాండ్ బ్లెండర్ కాడ, అన్నిటినీ కడిగి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి ఆరనివ్వండి. అది ఆరేవరకూ పొయ్యి వెలిగించకండి, మండే సరుకు. చేతులకు గ్లవ్స్, తలకు టోపీ.

క్సాంథన్ గమ్‌ను నేరుగా నీళ్ళలో చల్లితే ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఎంత కలిపినా విడవవు. ముందు దాన్ని గ్లిజరిన్‌లో ముద్దలా కలిపి, ఈడీటీఏ కరిగించిన నీళ్ళలో పోస్తూ తిప్పండి. ఖాళీ బీకర్ బరువు ముందే రాసుకోవాలి. రెండు భాగాలనూ వేర్వేరు బీకర్లలో, నీళ్ళ గిన్నెలో పెట్టి 75 డిగ్రీలకు తెచ్చి, నీళ్ళ భాగాన్ని 20 నిమిషాలు అక్కడే నిలపండి. వేడెక్కాక నీళ్ళ బీకర్‌ను తూచి, ఆవిరైపోయినంత వేడి డిస్టిల్డ్ వాటర్ మళ్ళీ పోయండి. ఈ పని మానేస్తే ఒక్కో బ్యాచ్ ఒక్కో చిక్కదనంతో వస్తుంది, కారణం ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చోవాలి.

ఇప్పుడు నూనెను నీళ్ళలోకి సన్నని ధారగా పోస్తూ బ్లెండర్ ఆడించండి. రెండింటి వేడీ ఒకటే ఉండాలి. నీళ్ళు చల్లబడి ఉంటే మైనం పొర కట్టేసి గింజలు గింజలుగా మిగులుతుంది. బ్లెండర్ తల పూర్తిగా మునిగి ఉండాలి, పైకి తేలితే గాలి లాగి నురగ అవుతుంది. అర నిమిషం ఆడించి, కాస్త ఆపి, మళ్ళీ. మొత్తం రెండు మూడు నిమిషాలు చాలు. పాలలా తెల్లబడుతుంది. ఇంకా పల్చగానే ఉందని కంగారు పడి వ్యాక్స్ పెంచకండి. సిటైల్ ఆల్కహాల్ గట్టిపడేది 50 డిగ్రీల కిందికి వచ్చాకే. అసలు చిక్కదనం మర్నాటికి గానీ తెలియదు.

ఇక్కడి నుంచి బ్లెండర్ పక్కన పెట్టి స్పాచులాతో మెల్లగా తిప్పుతూ చల్లార్చాలి. 40 డిగ్రీలకు వచ్చాక సారం, విటమిన్-ఇ, ప్రిజర్వేటివ్ ఒక్కొక్కటిగా కలపండి. తెల్లని క్రీము లేత గులాబీ గోధుమ రంగుకు తిరుగుతుంది. ఒక్కోసారి సారం పోయగానే పల్చబడినట్టు కనిపిస్తుంది. లొద్దుగలోని వగరు పదార్థాలకు, మూలికల్లోని లవణాలకు కొన్ని ఎమల్షన్లు (నూనె, నీళ్ళ కలయికలు) తట్టుకోలేవు. నాన్ అయానిక్ వ్యాక్స్ ఎంచుకోవడానికి ఈ లవణాలు రెండో కారణం. అయినా పల్చబడితే సారాన్ని 10 నుంచి 5 గ్రాములకు దించి, ఆ 5 గ్రాములూ నీళ్ళతో భర్తీ చేసి చూడండి.

పీహెచ్, ప్రిజర్వేటివ్

ఒక గ్రాము క్రీమును 9 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో బాగా కలిపి పీహెచ్ మీటర్‌తో చూడండి. 5 నుంచి 5.5 మధ్య రావాలి, ఆరోగ్యంగా ఉన్న చర్మం కూడా సుమారు అక్కడే ఉంటుంది. ఎక్కువుంటే సిట్రిక్ యాసిడ్ 10 శాతం ద్రావణాన్ని చుక్క వేసి, కలిపి, మళ్ళీ కొలవండి. రంగు కాగితాలు మూలికల రంగు పట్టి మోసం చేస్తాయి, మీటరే నయం.

ప్రిజర్వేటివ్ పేరు వినగానే "మాది సహజం, కెమికల్స్ ఉండవు" అని ముఖం తిప్పుకునేవాళ్ళుంటారు. నీళ్ళు 70 శాతం పైన ఉండి, మొక్కల చక్కెరలు ఉన్న క్రీము బ్యాక్టీరియాకు విందు భోజనం. చీము పట్టిన ముఖం మీద సూడోమోనాస్ బ్యాక్టీరియా పెరిగిన క్రీము రాయడం కన్నా ఫినాక్సీఇథనాల్ వెయ్యి రెట్లు మేలు. దాని గరిష్ఠ పరిమితి 1 శాతం, మన మిశ్రమంలో అది దాటదు. సోడియం బెంజోయేట్ వాడాలనుకుంటే ఈ లెక్క గుర్తుంచుకోండి: అది పనిచేసేది ఆమ్ల రూపంలో ఉన్నంత మేరకే. పీహెచ్ 4.5 దగ్గర మూడో వంతు ఆ రూపంలో ఉంటుంది, 5 దగ్గర ఏడో వంతు, 5.5 దగ్గర ఇరవయ్యో వంతు. అంటే పీహెచ్ కాస్త జారినా కాపలా లేనట్టే.

ఆరో మెట్టు: పరీక్షలు

ల్యాబు ఉంటే 3000 ఆర్‌పీఎం మీద 30 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. నూనె పైకి తేలితే ఫార్ములా మళ్ళీ మొదటికి. లేకపోతే ఒక సీసా ఫ్రిజ్‌లో రోజు, బయట రోజు, ఇలా కొన్ని దఫాలు మార్చి చూడండి. ఇంకొకటి 45 డిగ్రీల ఓవెన్‌లో. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో కొరియర్ బండిలో పడి ఉన్న ట్యూబు అనుభవించేది ఆ వేడినే. మరొకటి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టండి. రంగు, వాసన, పీహెచ్ వారానికోసారి నోటు పుస్తకంలో రాయాలి. పీహెచ్ పడిపోతూ, పుల్లటి వాసన వస్తుంటే లోపల ఏదో పెరుగుతోందని అర్థం. గోడలకు వేసే పెయింటు లాంటి వాసన వస్తే నూనె ముక్కింది. అమ్మకానికి వెళ్ళే ఫార్ములాకు 40 డిగ్రీలు, 75 శాతం తేమలో ఆరు నెలల పరీక్ష నడపాలి.

సూక్ష్మజీవుల పరీక్ష ఇంట్లో అయ్యేది కాదు, గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపాలి. స్కిన్ క్రీములకు ఐఎస్ 6608 అనే భారతీయ ప్రమాణం ఉంది. గ్రాముకు మొత్తం సూక్ష్మజీవులు 1000 మించకూడదు. భారలోహాలు సీసం లెక్కన 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు), ఆర్సెనిక్ 2 పీపీఎం లోపు. మూలికలు మట్టిలోంచి లోహాలు లాగుతాయి కాబట్టి ఈ పరీక్షను తేలిగ్గా తీసుకోవద్దు. దీనితోపాటు ఛాలెంజ్ టెస్ట్ అడగండి. క్రీములో కావాలని సూడోమోనాస్, స్టెఫిలోకాకస్, ఈ కోలై, కాండిడా, ఆస్పర్‌జిల్లస్ కలిపి 28 రోజుల్లో ప్రిజర్వేటివ్ వాటిని అణచగలిగిందో లేదో చూస్తారు.

ఇవన్నీ గట్టెక్కాకే చర్మం. మోచేతి లోపలి వైపు బఠాణీ గింజంత రాసి, 48 గంటలు, తర్వాత 96 గంటలు గమనించండి. దురద, ఎరుపు, పొక్కులు వస్తే అంతటితో ఆపేయాలి. మీ ఒంటి మీద మీరు చూసుకోవడం వేరు, నలుగురి ముఖం మీద ప్రయోగం చేయడం వేరు. రెండోదానికి ఎథిక్స్ కమిటీ అనుమతి, వైద్యుల పర్యవేక్షణ, సీటీఆర్‌ఐలో (మన దేశంలో మనుషుల మీద జరిగే పరీక్షల రిజిస్ట్రీ) నమోదు ఉండాలి. ఫలితం కోసం 8 నుంచి 12 వారాలు చూడాలి. మూడు రోజుల్లో మొటిమలు మాయం చేసే "మూలికల" క్రీము కనిపిస్తే అందులో బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించండి. అది మొదట ఎరుపు లాగేసి, ఆపగానే ముఖమంతా విరగబూసేలా చేస్తుంది.

ఏడో మెట్టు: ట్యూబు, లేబుల్, లైసెన్సు

వెడల్పు మూతి డబ్బా చూడటానికి బాగుంటుంది గానీ, రోజూ వేలు ముంచడంతో కలుషితం అవుతుంది. 20 లేదా 30 గ్రాముల ట్యూబు, లేదా గాలి చొరబడని పంపు మేలు. లేబుల్ మీద పదార్థాల జాబితా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, నికర బరువు, ఎమ్మార్పీ, లైసెన్సు నంబరు, తయారీదారు చిరునామా, "పైపూతకు మాత్రమే" అన్న మాట ఉండాలి.

కాస్మెటిక్ అయితే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద సీఓఎస్-8 లైసెన్సు. సొంత యూనిట్ లేనివాళ్ళు ఇంకొకరి ఫ్యాక్టరీలో చేయించుకోవడానికి సీఓఎస్-9 అనే లోన్ లైసెన్సు ఉంది. చిన్నగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది ఈ రెండోదే, ఎందుకంటే శుభ్రమైన గది, నీటి శుద్ధి, క్వాలిటీ ల్యాబు వాళ్ళ దగ్గర అప్పటికే ఉంటాయి. ఆయుర్వేద మందు అయితే ఫారం 24-డిలో దరఖాస్తు, 25-డిలో లైసెన్సు, తయారీ స్థలం షెడ్యూల్-టి (ఆయుర్వేద మందుల తయారీ నియమాలు) ప్రమాణాల ప్రకారం ఉండాలి. వంటింట్లో చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మడం ఈ రెండు దారుల్లోనూ నేరమే. ఎవరికైనా ముఖం పాడైతే బ్యాచ్ రికార్డు లేక, ఏ పదార్థం వల్ల జరిగిందో వైద్యులు తేల్చలేరు. నమూనాను పంచవద్దని మొదట్లో అన్నది ఇందుకే.

ట్యూబు బయటికి వెళ్ళాక కూడా ప్రతి బ్యాచ్ నుంచి రెండు మూడు ట్యూబులు గడువు తేదీ దాటేదాకా దాచి ఉంచండి. ఫిర్యాదు వచ్చినప్పుడు అదే బ్యాచ్ ట్యూబు విప్పి, రంగు, వాసన, పీహెచ్ మళ్ళీ చూసి, అవసరమైతే ల్యాబుకు పంపడానికి అవి ఉండాలి.